ముందేదో తెలియని కారు

ఆ రోజుల్లో ఒక సంగతి తెలియకపోతే అది తెలియకుండానే ఏళ్ల తరబడి మనతో కాపురం చేసేది. ఇప్పుడా అవకాశం లేదు. మొన్న మా మేనల్లుడు ఏలూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని, దారిన పోయే పిట్టని ఫోనుకి చూపించి దాని పేరు, ఇంటిపేరు, అది ఏ దేశం నుంచి కొల్లేటికి వలస వస్తుందో కూడా నిమిషంలో చెప్పించాడు. అదే ఊపులో ఫోనులోనే ఒక పాత కారు ఫొటో చూపించి, "మావయ్యా, ఇదేంటో చెప్పండి చూద్దాం" అన్నాడు. నేను కళ్లజోడు కూడా పెట్టుకోకుండా చెప్పేశాను. వాడి ఫోనుకి నాకంటే రెండు క్షణాలు ఎక్కువ పట్టింది. ఐరోపా దేశాల్లో యుద్ధం తర్వాత పుట్టి, పదేళ్లయినా నిండకుండా పోయిన చిన్న చిన్న కార్లని గుర్తుపట్టడంలో గోదావరి జిల్లాల మొత్తం మీద నన్ను మించినవాడు లేడని నేను వినయంగా మనవి చేసుకుంటున్నాను. (పోటీకి వచ్చినవాడు కూడా ఎవడూ లేడు. అది వేరే సంగతి.)

ఈ పిచ్చి నాకు ఉల్లిపాయల వల్ల పట్టింది. మా బాబాయి తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కమీషను కొట్లో గుమస్తా. గంపల అడుగున వేయడానికి ఆ కొట్టుకి పాత కాగితాల కట్టలు వచ్చేవి. ఓడల్లో వచ్చిన ఆ చిత్తు కాగితాల మధ్య అప్పుడప్పుడూ దొరల దేశాల రంగుల పత్రికలు ఉండేవి. బాబాయి వాటిలో కారు బొమ్మ ఉన్న పేజీలు చింపి నాకు తెచ్చి ఇచ్చేవాడు. అందరికీ తెలిసిన పెద్ద కార్లంటే నాకు ఆసక్తి లేదు. నా కళ్లన్నీ బుల్లి కార్ల మీదే. ముందు భాగమంతా ఒకటే తలుపై, అది తెరిస్తే స్టీరింగు కూడా దాంతోపాటే బయటికి వచ్చేసే కోడిగుడ్డు లాంటిదొకటి. విమానం మీది గాజుమూత లాంటిది ఎత్తి, ఒకరి వెనక ఒకరు దూరి కూర్చునేది ఇంకొకటి. వెనక్కి నడిచే గేరే లేక, దిగి తోక దగ్గరున్న పిడి పట్టుకుని మనమే తిప్పి పెట్టుకోవలసిందొకటి. వీటన్నిటినీ ఒక లాంగు నోటుబుక్కులో మైదా జిగురుతో అతికించి, కింద ఉన్న పరాయి అక్షరాలని కూడబలుక్కుని తెలుగులో పేర్లు రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకం తెరిస్తే చాలు ఉల్లి ఘాటుకి కళ్ల వెంట నీళ్లు కారేవి. కార్లంటే నాకంత ప్రేమ అని చూసినవాళ్లు అనుకునేవారు. నేనూ కాదనలేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఏలూరులో సాయిబు మేస్త్రి గారి మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఆయన చేతికి తెలియని ఇంజను లేదు. నోటికి మాత్రం మాట్లాడటం అంతగా తెలియదు. ఆయన మిగిల్చిన మాటలన్నీ నేను వాడేసేవాణ్ణి. ఒకరోజు కలిదిండి పక్క పల్లె నుంచి ఒక మామ్మగారు, ఆవిడ మరిది షెడ్డుకి వచ్చారు. మరిది గారు చేపల చెరువుల ఆసామి, నెమ్మదైన మనిషి. మామ్మగారిది సన్నటి ఆకారం, తెల్లచీర. ఎంత గట్టిగా చెప్పవలసిన మాటనైనా మెల్లగా చెప్పే అలవాటు.

సంగతేమిటంటే, వాళ్ల ధాన్యపు కొట్టంలో ఒక కారు ఉంది. మామ్మగారి భర్త బతికి ఉండగా కాకినాడ రేవులో ఒక ఓడ ఆసామి దగ్గర కొన్నది. చూడటానికి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు, పక్కన తలుపులే లేవు. ఊరంతా దానికి 'రెండు తలల బండి' అని పేరు పెట్టింది. రెండు పాడైన కార్ల ముందు భాగాలు నరికి, అతికించి అంటగట్టారని, ఇంత ఆస్తి ఉన్న మనిషి అంత సులువుగా మోసపోయాడని చెప్పుకుని నవ్వుకున్నారు. ఆయన తొమ్మిదేళ్లు ఆ కారు నడిపాడు. ఆ తొమ్మిదేళ్లూ నవ్వారు. ఆయన పోయి పన్నెండేళ్లయినా ఆ నవ్వు మాత్రం పోలేదు. ఇప్పుడు మరిది గారికి చేపల మేత నిలవ చేసుకోవడానికి ఆ కొట్టం కావలసి వచ్చింది. వచ్చే శుక్రవారం పాత ఇనుము కొనేవాడు బండి తోలుకొస్తాడు. "ఇది ఫలానా కారు, నిఖార్సయిన సరుకు అని తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే ఉంచేద్దాం వదినా" అని ఆయన మాటిచ్చాడట. దాని కోసమే ఆవిడ ఏలూరు దాకా వచ్చింది.

"కారు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది బాబూ" అంది మామ్మగారు. "ఆయన మోసపోలేదని నలుగురిలో ఒక్కరు చెప్పాలి. అంతే."

మేస్త్రి గారు గడ్డం గోక్కుంటూ, చూస్తే గాని చెప్పలేనమ్మా అనబోయారు. నేను ఆయన కంటే ముందే అందుకుని, ఇలాంటి కార్లు ప్రపంచంలో ఎన్ని రకాలున్నాయో అన్నీ నా దగ్గర పుస్తకంలో ఉన్నాయని, చూసిన మరుక్షణం పేరూ ఊరూ చెప్పేస్తానని అనేశాను. వాళ్లు వెళ్లాక మేస్త్రి గారు స్పానర్లు తుడుచుకుంటూ, "చెప్పలేకపోయావో, అటునుంచి అటే మీ ఇంటికి పో అబ్బాయ్, షెడ్డుకి రాకు" అన్నారు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

చూసిన మరుక్షణం పేరు చెప్పేశానని యాభై మందికి చెప్పి ఉంటాను. నిజం చెప్పాలంటే ఆ మర్నాడు కొట్టంలోకి వెళ్లి చూస్తే నాకు కనిపించింది కారు కాదు, బాతుల ఇల్లు. లోపల మోకాలి ఎత్తున ఊక, ఊక మీద పదకొండు బాతులు. నేను తొంగి చూస్తే అవి నన్నే ఎవరివని అడిగినట్టు అరిచాయి. దీపాలు లేవు. స్టీరింగు చక్రమూ లేదు. (అది మరిది గారి చెరువు తూముకి బిగించి ఉంది. చెరువులోకి నీళ్లు వదలాలంటే తలుపు ఎత్తే మర తిప్పాలి కదా, దానికి సరిగ్గా సరిపోయిందట. కారు చక్రం పట్టుకుని గట్టు మీద నిలబడి చెరువుని నడుపుతున్నట్టు ఆయన రోజూ రెండు పూటలా తిప్పేవాడు.) ఆకారం మటుకు ఎక్కడో చూసినట్టుంది. గంభీరంగా తల ఊపి, నాలుగు కొలతలు తీసుకుని, శుక్రవారం నాడు నలుగురి ముందే చెబుతానని తప్పించుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే డెబ్బయ్యో పేజీలో ఎక్కడో కనిపించింది. కనిపించిందంటే, సగం కనిపించింది. బాబాయి చింపేటప్పుడు పేజీ మధ్యకి చిరిగిపోయి, కారులో ఒక సగమే నా దగ్గరికి వచ్చింది. కింద పేరు మాత్రం పూర్తిగా ఉంది. జానస్. జర్మనీ దేశంలో మోటారు సైకిళ్లు చేసే కంపెనీ ఒకటి సరదాపడి చేసిన ఒకే ఒక్క రకం కారు. మా ఇంటి మేడ మీద అద్దెకుండే చరిత్ర లెక్చరరు గారిని అడిగితే, జానస్ అంటే పూర్వం రోము వాళ్ల దేవుడని, ఒక ముఖం ముందుకీ ఒక ముఖం వెనక్కీ ఉంటుందని చెప్పారు. (ఆ సంగతి నాకు పుట్టుకతోనే తెలుసన్నట్టు తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.) మిగతా సగం బొమ్మ కోసం తాడేపల్లిగూడెం పరుగెత్తి, బాబాయి కొట్లో రెండు రోజులు గంపలన్నీ బోర్లించి వెతికాను. దొరకలేదు. బాబాయి జాలిపడి రెండు వీశెల ఉల్లిపాయలిచ్చి పంపించాడు.

శుక్రవారం వచ్చింది. నేనూ మేస్త్రి గారూ వెళ్లేసరికి బాతుల్ని ఖాళీ చేయించి, కారుని కొట్టం బయటికి లాగి, నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగి ఉంచారు. మూడు మండలాల జనం పోగయ్యారు. (సరే, నలభై మంది. అందులో కొందరు పాత ఇనుము బండివాడి దగ్గర గేదెని కట్టే గొలుసు దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లు.) వాళ్లే కాక, నేను ఊహించని మనిషొకాయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. తెల్ల ప్యాంటు, చేతిలో ఇనుప టేపు. ప్రమాదంలో దెబ్బతిన్న లారీలని బీమా కంపెనీ తరఫున చూసి విలువ కట్టే తాడేపల్లిగూడెం సర్వేయరు గారు. ఆయన ఇది లారీ అంటే అది లారీయే, కాదంటే అది ఇనుమే. ఎందుకైనా మంచిదని మరిది గారు ఆయన్ని కూడా పిలిపించారట.

నేను బెదిరిపోలేదు. (బెదిరిపోయాను.) గొంతు సవరించుకుని, ఇది జర్మనీ దేశపు జానస్ అని, రెండు ముఖాల దేవుడి పేరు పెట్టారని, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చునేటట్టు చేశారని, వీపుల మధ్య ఇంజను ఉంటుందని, ఒక్కొక్క ముక్కా నాటకంలో పద్యం అందుకున్నట్టు చెప్పాను. మామ్మగారు గుమ్మంలో నిలబడి కళ్లార్పకుండా వింటోంది. చివర్లో నా పుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. ఉల్లి ఘాటుకి ముందు వరసవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నా మాటలకి కరిగిపోయారనే అనుకున్నాను.

సర్వేయరు గారు పుస్తకం తీసుకుని, కాసేపు చూసి, నవ్వారు. "బాబూ, మీ బొమ్మలో సగం కారే ఉందండి" అన్నారు. "నేనూ అదే అంటున్నాను. ఈ పేరుగల కారు ఉండి ఉండవచ్చు. దాని ముందు సగం ఇదీ. అలాంటి ముందు సగాలే రెండు తెచ్చి అతికించారు. మీ బొమ్మే నాకు సాక్ష్యం."

జనం గుప్పున నవ్వారు. ఇరవై ఒక్కేళ్లుగా ఆవిడ వింటున్న నవ్వు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఇనుము బండివాడు నడుముకి తువ్వాలు బిగించాడు. మామ్మగారు నా వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నేను అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, ఇంటికి వెళ్లే బస్సు ఎన్నింటికా అని ఆలోచిస్తున్నాను. ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ నేను చిరునవ్వు నవ్వి ఎదురు దెబ్బ తీశానని చెప్పడం నాకు అలవాటు. కాని నవ్విందీ లేదు, తీసిందీ లేదు. ముందుకు వచ్చింది మేస్త్రి గారు.

ఆయన ఒక సీసాలో కిరసనాయిలు అడిగి తెప్పించుకున్నారు. జేబులోంచి గరుకు కాగితం తీశారు. కారు నడుము మధ్యన, పైకప్పు మీంచి మొదలుపెట్టి, పక్క రేకు మీదుగా, కింది అంచు దాకా జానెడు వెడల్పున రంగు గీకుతూ వచ్చారు. తర్వాత నేల మీద పడుకుని అడుగు భాగం కూడా గీకారు. అరగంట పట్టింది. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికొచ్చి వంగి చూడటం మొదలుపెట్టారు. ఆయన లేచి, గుడ్డతో తుడిస్తే రేకు అద్దంలా మెరిసింది.

"అతుకు లేదండి" అన్నారు మేస్త్రి గారు. "వెల్డింగు చేస్తే దాగదు. తమరే వేలు పెట్టి చూడండి."

సర్వేయరు గారు వేలు పెట్టి చూశారు. టేపు పెట్టి కూడా చూశారు, ఎందుకో తెలియదు. అయినా ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. రేకు సంగతి అటుంచండి, అసలు మతి ఉన్నవాడెవడైనా మనిషి వెనక్కి తిరిగి కూర్చునే బండి చేస్తాడా, వెళ్లేది ఒకవైపూ చూసేది ఒకవైపూ ఏమిటి, అలాంటి దాంట్లో ఏ పెద్దమనిషైనా కూర్చుంటాడా అని జనం వైపు తిరిగి అడిగారు. కొందరు నిజమే అన్నట్టు తలలూపారు. అప్పుడు నా నోరు మళ్లీ నా వశంలోకి వచ్చింది. ఇది మాత్రం అచ్చంగా నాదే. దీంట్లో గోరంత కూడా కల్పన లేదు.

"తమరు కలిదిండిలో బస్సు దిగి ఈ ఊరికి ఎలా వచ్చారండీ?" అని అడిగాను.

"జట్కాలో" అన్నారాయన.

"ఎటు తిరిగి కూర్చున్నారండీ?"

జట్కా వెనక భాగంలో కాళ్లు కిందికి వేలాడేసి, వచ్చిన దారినే చూసుకుంటూ ఆయన ఊళ్లోకి దిగడం సగం మంది చూశారు. జట్కావాడు ఇంకా చెట్టు కిందే గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. ముందు అతడే పకపకా నవ్వాడు. ఆ తర్వాత నలభై మందీ నవ్వారు. (మూడు మండలాల జనం అన్నాను కదా, నవ్వు మాత్రం అంత వచ్చింది.) మన తాతలూ ముత్తాతలూ జట్కాల్లో కూర్చున్నట్టే కూర్చోండి అని జర్మనీవాడు కారు చేసి ఇస్తే, దాన్ని ఇరవై ఒక్కేళ్లు వెక్కిరించింది జట్కాలెక్కే ఊరే. సర్వేయరు గారు కూడా చివరికి టేపు జేబులో పెట్టుకుని, కాగితం తెప్పించుకుని, ఇది విదేశంలో తయారైన అసలు కారేనని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. మంచి మనిషి.

అక్కడితో ఆగి ఉంటే నా అంతవాడు లేడు. కాని విజయం తలకెక్కింది కదా. కారుని ఒకసారి వీధిలోకి తోసి ఊరందరికీ చూపిద్దాం, నేను ముందు కూర్చుంటాను అని ప్రకటించాను. ప్రకటించాక గాని నాకు తెలియని సంగతొకటి ఉందని గుర్తుకు రాలేదు. ముందేదో నాకు తెలియదు. నా సగం బొమ్మ రెండు వైపులకీ సరిగ్గా సరిపోయింది. స్టీరింగు చెరువు గట్టు మీద ఉంది. కింద ఊక గట్టిపడి తొక్కుడు మీటలు కనిపించడం లేదు. ఏదైతే అదే అయిందని దగ్గర్లో ఉన్న తలుపు తీసి, రాజుగారిలా ఎక్కి కూర్చుని, 'తోయండి' అన్నట్టు చెయ్యి ఊపాను.

మామ్మగారు మెల్లగా నడిచొచ్చి, అద్దం దగ్గర వంగి, నాకు తప్ప ఇంకెవరికీ వినిపించకుండా చెప్పింది.

"అటు కాదు నాయనా, ఇటు. నువ్వు కూర్చున్నది నా సీటు. తొమ్మిదేళ్లు కూర్చున్నాను."

నేను దిగి, ఏదో చక్రం పరీక్షించినట్టు నటిస్తూ చుట్టూ తిరిగొచ్చి, రెండో తలుపు తీశాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇనుము బండి ఖాళీగా తిరిగి వెళ్లింది. మరిది గారు ఆ సాయంత్రమే తూము దగ్గర చక్రం విప్పించి, తుడిచి, రెండు చేతులా పట్టుకుని తెచ్చి వదిన చేతికి ఇచ్చారు. (తూముకి కర్ర పిడి వేయించుకున్నారు. చేపలు ఏమీ అనుకోలేదు.) కారుని లారీ మీద షెడ్డుకి తెచ్చాం. మేస్త్రి గారు నెలన్నర కష్టపడి, స్కూటరు సామాన్లు సగం, సొంత బుర్ర సగం కలిపి ఇంజనుకి ప్రాణం పోశారు. నీలం రంగు వేశాం. ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు దాటి ఆ కారు దాని కాళ్ల మీద అది నడిచి వెళ్లిన రోజున, దారిలో వలలు విప్పుకునేవాళ్లు కూడా పని ఆపి చూశారు. ఆ రోజు ఆ కారు నడిపింది నేనే అని మా ఇంట్లోవాళ్లకి, మా వీధివాళ్లకి, రైల్లో కలిసినవాళ్లకి కూడా చెప్పాను. ఏ మలుపు ఎలా తిప్పానో కూడా వర్ణించేవాణ్ణి.

నేను నడపలేదు. నాకు అప్పటికి స్కూటరు తప్ప ఏదీ నడపడం రాదు. నడిపింది మేస్త్రి గారు. పల్లె పొలిమేరలో మామ్మగారు ఎదురొచ్చి వెనక తలుపు తీసుకుని తన సీట్లో కూర్చుంది. ఇంజను వేడెక్కితే పొయ్యడానికి నీళ్ల డబ్బా పట్టుకుని నేను ఆవిడ పక్కన కూర్చున్నాను, వెనక్కి తిరిగి. ముందు సీటు దక్కలేదని నాకు ఏడుపొచ్చినంత పనైంది. కారు ఊళ్లోకి వెళ్లింది. మామూలు కారైతే, నవ్వినవాళ్లని దాటి ముందుకు వెళ్లిపోతాం. వాళ్ల ముఖాలు మనకి కనిపించవు. ఈ కారులో అలా కాదు. ఒక్కొక్క అరుగూ దాటాక అప్పుడు మా కళ్ల ముందుకి వచ్చేది, ఆ అరుగు మీది మనిషి నోరు తెరిచి లేచి నిలబడటం సహా. వెనక పిల్లలూ పెద్దలూ కలిసి పరుగెత్తుకొస్తుంటే, మామ్మగారు ఒళ్లో చేతులు పెట్టుకుని, తొందరేమీ లేకుండా, ఒక్కొక్క ముఖాన్నీ పేరుపేరునా చూసింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. రచ్చబండ దాటాక మాత్రం నా వైపు తిరగకుండానే, "ఆయనకి ఇది కనిపించేది కాదు బాబూ, ముందుకు చూసి నడిపేవారు కదా" అంది. "వాళ్లు నవ్వుతున్నారని నేనూ ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు."

మేస్త్రి గారికి ఆ రోజు రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ ఊరి ముఖాలన్నీ చూసినవాళ్లం మేమిద్దరమే.

మేనల్లుడు చూపించిన ఫొటో ఆ కారుదే. ఇప్పుడు ఏదో పెద్ద ఊళ్లో పాత కార్లు దాచుకునే ఆసామి దగ్గర, గాజుగదిలో, నీలం రంగు కూడా చెదరకుండా ఉందట. ఫోను పేరు చెప్పింది, దేశం చెప్పింది. "ముందేదో అడగరా" అన్నాను. వాడు అడగకుండానే బొమ్మ మీద వేలు పెట్టి, ఇదే అన్నాడు, ఇరవై ఏళ్లవాళ్లకి ఉండే ధీమాతో.

"అటు కాదు నాయనా, ఇటు" అన్నాను.

"అయితే మావయ్యా, మీరు నడిపింది ఇటు కూర్చునేనా?" అని అడిగాడు. కొల్లేటి మలుపుల వర్ణన నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆ పూట దాన్ని మింగేసి, లేదురా, నేను వెనక కూర్చున్నాను అని చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. నీళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూతి ముడుచుకుని కూర్చున్న ఇరవై ఏళ్లవాడు నాకు గుర్తొచ్చాడు. ఆ కారు మొత్తం మీద అందరికంటే మంచి సీట్లో కూర్చున్నాడని వాడికి అప్పుడు తెలియదు పాపం.